అడిగినవాళ్ళకు మంచినీళ్ళు

పదకొండో భాగం

పోయిన వారం మనం నివేదితను మురుంగపాక్కంలో, పంకజం అత్త తోటలో, మోటారు గది ముందు నిలబెట్టి వచ్చాం. ఆ పిల్ల చేతిలో పెన్నంత మీటరు ఉంది. నీళ్ళలో ఎంత ఉప్పుందో చెప్పే మీటరు అది. వెయ్యి లోపు చూపిస్తే మనుషులు తాగొచ్చు, మూడు వేలు దాటితే వరి బతకదు. అత్త బోరు నీళ్ళలో ముంచితే అది అయిదు వేల ఆరు వందలు చూపించింది. అదే బోరుకు ఆమె పనిచేసే నీళ్ళ ఆఫీసు రిజిస్టరులో పన్నెండేళ్ళుగా ఉన్న అంకె ఆరు వందల నలభై.

ఆ ఆరు వందల నలభైని నమ్ముకునే నివేదిత పుదుచ్చేరి వాతావరణ ప్రణాళికలో నాలుగో అధ్యాయం రాసింది. సముద్రం పక్కనున్న బోర్లన్నీ ఏడాదికేడాది ఉప్పెక్కుతున్నాయి కాబట్టి, నీళ్ళు ఇంకా తియ్యగా ఉన్న మురుంగపాక్కం పొలాల్లో, అత్త తోటతో మొదలుపెట్టి, ఆరు లోతైన బోర్లు వేసి టౌనుకు నీళ్ళు తేవాలని అందులో ఉంది. శుక్రవారం పది గంటలకు జనం ముందు చదివి దాన్ని ఖాయం చేస్తారు.

మీటరు చెడిపోయిందేమోనని ఆ పిల్ల ఇంటికి వెళ్ళి వీధి కొళాయి కింద కూడా పెట్టి చూసింది. ఆరు వందల నలభై అయిదు. మీటరుకేం రోగం లేదు. అంటే రిజిస్టరులో ఎవరో అంకెలు దిద్దారన్నమాట. ఆమె అనుమానం తిన్నగా ఇంజనీరు రవిచంద్రన్ మీదికి పోయింది. ఆరు బోర్లూ వేసి తీరాలని ఆఫీసులో పట్టుబట్టినవాడు ఆయనే మరి. ఆ కొళాయి కింద ఇంకో నిమిషం నిలబడి అంకె వంక చూసి ఉంటే ఈ వారం మనకు ఇంత ప్రయాస ఉండేది కాదు.

గురువారం పన్నెండు దాటింది. కత్తిరి ఎండలు, నడి వేసవి. కాకి కూడా నీడ వదిలి రావడం లేదు. నివేదిత తండ్రిని వెంటబెట్టుకుని మళ్ళీ అదే తోటకు వచ్చింది.

ఆ తండ్రి గోవిందరాజన్ గురించి ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. కూతురు పనిచేసే ఆఫీసులోనే ఆయన ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి, నలభై బోర్ల నుంచి నలభై బాటిళ్ళ నీళ్ళు తెచ్చి ల్యాబులో ఇవ్వడం ఆయన పని. ప్రతి బాటిలు మీదా బోరు నెంబరు, దాని కింద 'నా ఎదుట తీసిన నీరు' అని ఆయన సంతకం. కాంట్రాక్టర్ల చేతి కాఫీ కూడా తాగని మనిషి. వచ్చే నెలాఖరుకు రిటైరవుతాడు. నా బాటిళ్ళలోంచి నా కూతురి పుస్తకం పుట్టింది అని ఈ నెలంతా కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు.

మోటారు వేయగానే నీళ్ళు తొట్టిలో పడ్డాయి. నివేదిత మీటరు ముంచి తండ్రి కళ్ళ ముందు పెట్టింది.

"నాయనా, పదిహేడో నెంబరు బోరు ఇదే కదా?"

"ఇదే. నీకు తెలీదా ఏంది, మీ అత్త తోటలోది."

"అంకె చూడు."

గోవిందరాజన్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకుని పక్కకు తిరిగి ఉమ్మేశాడు. తొట్టి అంచున తెల్లగా పక్కు కట్టిన చోటును వేలితో గీరి చూశాడు.

"ఇదేంది పాపా. ఇవి ఉప్పు నీళ్ళు."

"రిజిస్టర్లో ఆరు వందల నలభై ఉంది. జనవరిలో కూడా అంతే."

"అంకె నేను రాయనమ్మా. బాటిలు తెచ్చేదే నా పని. అంకె ల్యాబోళ్ళది."

"అదే నేను చెప్పేది. పైన ఎవరో మార్చినారు. రవిచంద్రన్ సార్ కాకపోతే ఆయన మనిషి. రేపు హియరింగులో ఈ నీళ్ళు అందరి ముందరా పెట్టి అడుగుతాను. నువ్వు నా పక్కన నిలబడి, నేను తెచ్చింది ఈ నీళ్ళే అని ఒక మాట చెప్పు. చాలు."

"చెప్తాను. ఎందుకు చెప్పను." గోవిందరాజన్ గొంతులో కోపం కూడా పుట్టింది. తన సంతకం మీద ఎవడో చెయ్యి వేశాడన్న కోపం అది.

ఆ మాట మీద ఇద్దరూ తిరిగి ఇంటి తిన్నె మీదికి వచ్చారు. పంకజం ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి తమ్ముడికిచ్చింది. గోవిందరాజన్ కంటే ఆరేళ్ళు పెద్ద. భర్త పోయాక ఈ తోటను ఒంటి చేత్తో నడుపుకొస్తున్న మనిషి. 'తానే' అని పేరు పెట్టిన ఆ పాత తుఫానులో కొబ్బరి చెట్లు సగం కూలాయి. తర్వాత వరి కూడా మానేసి సవుకు, అంటే సరుగుడు చెట్లు, వేసింది. ఎందుకు మానేశావంటే కూలీలు దొరకలేదు అనేది. అందరూ నమ్మారు.

"ఏందిరా, ఎండలో ఆడ ఏం చూస్తా ఉన్నారు తండ్రీ కూతురూ?" అంది.

"ఏం లేదక్కా. పదిహేడో నెంబరు బాటిలు సంగతి. నేను తెచ్చిన నీళ్ళకి ఆఫీసులో ఎవరో తప్పు అంకె వేసినారు."

"ఆ బాటిలా?" పంకజం తేలిగ్గా నవ్వింది. "అది నేను పట్టేది కదా. ఏం వంక పెట్టినారు? చింతపండేసి తోమి, మూడు నీళ్ళు పోసి కడిగి, మడిగుడ్డతో తుడిచి కదరా పట్టి పెడతాను."

నివేదిత తల ఎత్తింది.

"నువ్వు పడతావా అత్తా? నాయన కాదా?"

"మీ నాయన యాడ పడతాడు? ముందురోజు సాయంత్రం బాటిలు ఇచ్చిపోతాడు, మర్నాడు వచ్చి తీసుకుపోతాడు. ఈ పొద్దూ నిన్నా కాదు, రొంబ నాళ్ళుగా, ఎన్నో ఏండ్లుగా అంతే."

గోవిందరాజన్ చెంబు కింద పెట్టాడు. నిజమే. తోటల మోటార్లకు కరెంటు రోజుకు మూడు గంటలే వస్తుంది, అదీ ఒక్కో పక్క ఒక్కో వేళకు. నలభై బోర్ల దగ్గరా ఆ వేళకు నిలబడాలంటే నలభై రోజులు పడుతుంది. ఆయనకు ముందు ఈ పని చేసిన వీరాసామి నేర్పిన ఉపాయం అది. బాటిళ్ళు ఇళ్ళల్లో ఇచ్చి రా, కరెంటు వచ్చినప్పుడు ఆడవాళ్ళు పట్టి పెడతారు అన్నాడు. అందులో మోసమేముంది? నీళ్ళు ఎవరు పట్టినా నీళ్ళే కదా అనుకున్నాడు గోవిందరాజన్. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా ఇంకోలా అనుకోలేదు.

నివేదిత గొంతు తగ్గించి అడిగింది. "ఏ నీళ్ళు పట్టినావు అత్తా?"

"ఏ నీళ్ళేంది? మంచినీళ్ళే. వీధి కొళాయివి, టౌను ట్యాంకు నుంచి వచ్చేవి."

"బోరు నీళ్ళు కాదా?"

"మొదట్లో అవే పట్టేదాన్ని. కొబ్బరి నీళ్ళ మాదిరి ఉండేవి. తుఫాను పోయిన మరుసటి సంవత్సరం నుంచి నోట్లో పెట్టుకునేదానికి లేదు. అట్లాంటి నీళ్ళు ఎట్ల ఇస్తాను? గవర్నమెంటోళ్ళు మన ఇంటికొచ్చి నీళ్ళు అడిగినారు. అడిగినోళ్ళకి ఉప్పు నీళ్ళు పోస్తే ఆ పాపం ఏడు తరాలు పోదని మా అత్త చెప్పేది." పంకజం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఎందుకు, ఆ నీళ్ళు బాగలేవా?"

రిజిస్టరులో ఆరు వందల నలభై. కొళాయి కింద ఆరు వందల నలభై అయిదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నివేదితకు. అసలు ఆ అంకె పన్నెండేళ్ళు కదలకుండా ఎలా ఉంది అని తనకు అనుమానం రావాల్సింది. భూమిలోని నీరు వానకు ఒకలా, ఎండకు ఒకలా ఉంటుంది. కదలకుండా ఉండేది కలిపి సరిచేసి ట్యాంకులోంచి పంపే నీరే. ఆమె మాత్రం ఆ కదలకపోవడాన్నే మెచ్చుకుని, 'ఎంతో నిలకడైన జలవనరు' అని నాలుగో అధ్యాయంలో రాసింది. ఆ వాక్యం అచ్చులో చూసుకుని మురిసిపోయింది కూడా.

"నాయనా, పట్టమ్మాళ్ నెంబరు ఉందా నీ దగ్గర?"

పట్టమ్మాళ్‌ది అరియాంకుప్పం, ఇరవై మూడో బోరు. గోవిందరాజన్ నెంబరు నొక్కి స్పీకరు పెట్టాడు.

"పట్టమ్మాళ్, నేను గోవిందరాజన్‌ను. జనవరిలో నీకిచ్చిన బాటిల్లో ఏ నీళ్ళు పట్టినావు?"

"ఎందుకణ్ణా, బాగలేవా?"

"బాగున్నాయి. యాడివి?"

"క్యాను నీళ్ళణ్ణా. ఆ రోజు కొళాయిలో కలకగా వచ్చినాయి. ఆఫీసు వాళ్ళకి కలక నీళ్ళు ఇస్తే బాగుండదని కొత్త క్యాను ఒకటి విప్పినాను."

"మరి మీ బోరువి?"

"అవి మా ఆవు కూడా మూతి పెట్టదు సామి. అవెట్ల ఇస్తాను నీకు?"

తీగ లాగితే డొంకంతా కదిలింది. గంటలోపల పదకొండు ఇళ్ళకు ఫోన్లు చేశారు. పది ఇళ్ళల్లో అదే జవాబు. ఒకరు కొళాయి, ఒకరు క్యాను, ఒకరు పక్కవీధి చేతిపంపు. అందరూ బాటిలు శుభ్రంగా కడిగామనే చెప్పారు. ఒక్క ఆదిమూలం మాత్రం, కొళాయి దాకా ఎవడు నడుస్తాడు, మోటారు దగ్గర పట్టేశాను అన్నాడు. ఆ పదకొండిట్లో నిజం చెప్పింది ఆ బద్ధకస్తుడి బాటిలు ఒక్కటే. మిగతావాటితో కలవడం లేదని ఆయన అంకెను నివేదితే తప్పు కింద కొట్టేసింది.

టౌను తన కొళాయి నీళ్ళను తానే బాటిళ్ళలో పట్టించుకుని, ల్యాబులో పరీక్షించుకుని, దక్షిణాన భూమి కింద తియ్యటి నీళ్ళున్నాయని సంబరపడింది. ఇంతకంటే నవ్వొచ్చే సంగతి ఉంటుందా? కానీ ఆ తిన్నె మీద నవ్వగలిగినవాళ్ళు లేరు.

"ఆరు బోర్లు వేస్తే ఏమవుతుంది పాపా?" పంకజం అడిగింది. ఆమెకు ఇప్పుడిప్పుడే భయం పట్టుకుంటోంది.

"లోతు బోరు రాత్రీ పగలూ తోడతా ఉంటే భూమిలో తియ్యనీళ్ళు ఎంత ఉన్నా తగ్గిపోతాయి అత్తా. తగ్గిన చోటికి సముద్రం నీళ్ళు లోపల్లోపలే నడిచి వస్తాయి. ఇప్పటికే వచ్చేసినాయి, నీ తొట్టి చూడు. ఇంక తోడితే రెండేళ్ళు. తర్వాత సవుకు కూడా బతకదు. టౌనుకీ నీళ్ళుండవు. వచ్చిన ఉప్పు మళ్ళీ వెనక్కి పోదు."

"నేను పట్టి ఇచ్చిన నీళ్ళ వల్లనా?"

పంకజం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు చేరగిలబడింది.

గోవిందరాజన్ కూతురి వైపు తిరిగాడు. "రేపు చెప్పాల్సిందేనా పాపా?"

"ఏం మాట నాయనా అది?"

"నా ఎదుట తీసిన నీరు అని నా సంతకం ఉంది. ఏడాదికి ఎనభై. అన్నీ అబద్ధం అంటారు. దొంగ అంటారు. అక్క సంగతి, పట్టమ్మాళ్ సంగతి ఎవరికీ అక్కర్లేదు. వచ్చే నెలాఖరు దాకా ఆగి చెప్పితే కాదా? నేను బయటికి వచ్చేస్తాను. తర్వాత నువ్వేమైనా చెప్పు."

జీవితంలో ఎవరినీ ఏమీ అడగని మనిషి కూతురిని ఆ మాట అడిగాడు. నివేదితకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. చిన్నప్పుడు ఆ సంతకాన్ని చూసి తను పలక మీద దిద్దేది. ఇప్పుడు దాన్నే జనం ముందు చెరపాలి.

"రేపు వాళ్ళు ఖాయం చేస్తే ఎల్లుండి లారీ వస్తుంది నాయనా. నెలాఖరుకి ఆరు బోర్లూ అయిపోతాయి. నీ పేరు నిలబడుతుంది, తోట నిలబడదు. తప్పు నాదీ ఉంది. నా పేరు కూడా చెప్తాను. నీ ఒక్కడి మీదా పడనివ్వను."

గోవిందరాజన్ తల వంచుకున్నాడు. సరే అనలేదు, కాదనలేదు.

ఎల్లుండి దాకా ఆగాల్సిన పని లేకపోయింది. కడలూరు రోడ్డు వైపు నుంచి ఏదో పెద్ద బండి గేరు మార్చిన చప్పుడు వినిపించింది. తోట సందులోకి ముందు ఒక జీపు తిరిగింది. దాని వెనక, సవుకు కొమ్మల్ని రాసుకుంటూ, బోరు వేసే లారీ. అడ్డంగా మడిచి పడుకోబెట్టిన ఇనుప స్తంభం, పక్కన పేర్చిన గొట్టాలు. రేపటి సభలో జనం ఏమంటారో అడక్కుండానే యంత్రం వచ్చేసింది.

జీపులోంచి రవిచంద్రన్ దిగాడు. నుదురంతా చెమట. నివేదితను అక్కడ చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మామూలుగా నవ్వి, "ట్రయల్ బోరు మాత్రమే అమ్మా. రేపు అడిగితే చూపించడానికి" అని తమిళంలో అన్నాడు. గోవిందరాజన్ వైపు తిరిగి, "మీరూ ఇక్కడే ఉన్నారా? మంచిదయింది" అని, తిన్నె కింది మెట్టు మీద కూర్చుని పంకజం వంక చూశాడు. "అమ్మా, కొంచెం తణ్ణి ఇస్తారా? గొంతు ఎండిపోతోంది."

ఆ మాట వినగానే పంకజం కాళ్ళు వాటంతట అవే లోపలికి కదిలాయి. చెంబు చేతిలోకి తీసుకుంది. బిందె మూత తీయబోతుంటే గోవిందరాజన్ వెనకనుంచి వచ్చి చెంబు అందుకున్నాడు.

"నేను ఇస్తాను అక్కా."

ఆయన బిందె దగ్గర ఆగలేదు. ఎండలోకి నడిచాడు. మోటారు తొట్టి దగ్గర వంగాడు. పంకజానికి అర్థమయ్యేసరికి ఆయన చెంబు నింపుకుని వచ్చేస్తున్నాడు.

"వద్దురా గోవిందూ." ఆమె పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "నా ఇంటి వాకిట్లో వద్దు. దాహం అని అడిగినాడు. ఎవరైతే ఏంది, వద్దు."

"వాళ్ళు అడిగింది ఈ నీళ్ళనే అక్కా. ముప్పై ఏళ్ళుగా ఈ నీళ్ళనే అడుగుతా ఉన్నారు. పన్నెండేళ్ళుగా మనమే ఇవ్వలేదు."

అక్క చెయ్యి మెల్లగా విడిపించుకుని, రెండు చేతులతో చెంబు పట్టుకుని, ఆయన రవిచంద్రన్ ముందు నిలబడ్డాడు. తండ్రి ఇప్పుడు ఏం చేస్తున్నాడో, దాని తర్వాత ఏం చెప్పబోతున్నాడో నివేదితకు తెలిసింది. రేపటి దాకా కూడా ఆగకుండా తన పేరు తనే చెరుపుకోబోతున్నాడు. అయినా అడ్డం వెళ్ళలేదు.

"తాగండి సార్. పదిహేడో నెంబరు."

రవిచంద్రన్ చెంబు అందుకున్నాడు. పెదవులకు తగలకుండా ఎత్తి, గొంతులోకి పోసుకున్నాడు.

ఉప్పు నీళ్ళని తెలియక తాగినవాడు మొదటి గుక్కకే ఉమ్మేస్తాడు. కనీసం ముఖం చిట్లిస్తాడు. రవిచంద్రన్ రెండో గుక్క మింగాడు. మూడోది మింగాడు. పంకజం కళ్ళు మూసుకుంది. చెంబు సగమయ్యాక ఆయన దాన్ని దించి మెట్టు మీద పెట్టి, చేతి రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. గోవిందరాజన్ చెప్పాలనుకున్న మాట మరిచి ఆ చెంబు వంక చూశాడు.

రవిచంద్రన్ అప్పుడు నివేదిత చేతిలోని మీటరు వైపు చూశాడు. గొంతు పెంచలేదు. ఆఫీసులో ఫైలు గురించి అడిగినట్టే అడిగాడు.

"ఇవాళ ఎంత చూపించింది అమ్మా? జనవరిలో నేను వచ్చి చూసినప్పుడు నాలుగు వేల తొమ్మిది వందలు ఉంది."